ఆడుకోడానికి ఓడ కట్టాలంటే డెక్ నుంచి మొదలుపెట్టండి

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) లాంటి, టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే కథల ఆటల్లో కథ సముద్రం మీదకి వెళ్ళగానే చాలామంది డీఎంలు, అంటే ఆట నడిపించేవాళ్ళు, చార్ట్ పేపర్ మీద ఓడ ఆకారం గీసేసి కానిచ్చేస్తారు. ఆట నడుస్తుంది, కాదనను. కానీ ఒక్కసారి టేబుల్ మీద నిజంగా ఎత్తు ఉన్న ఓడ పెట్టి చూడండి, అందరూ కుర్చీల్లోంచి లేచి టేబుల్ చుట్టూ చేరతారు, ఎవడో ఒకడు మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఎక్కుతానంటాడు, ఇంకొకడు ఎవర్ని నీళ్ళలోకి తోసేయాలా అని చూస్తుంటాడు. అందుకే ఇంత కష్టపడి కట్టేది.

నా మొదటి ఓడ మాత్రం షోకేసుల్లో పెట్టే మోడల్స్ చూసి కట్టాను. పూర్తిగా విప్పిన తెరచాపలు, అడ్డంగా నిలువుగా దారాలు, అన్నీ పెట్టా. ఆట మొదలయ్యాక మినీ, అంటే పాత్రకి గుర్తుగా పెట్టే చిన్న బొమ్మ, కదపడానికి చెయ్యి దూరలేదు, రెండో రౌండ్‌లోనే ఎవరి మోచెయ్యో దారానికి తగిలి మాస్ట్ విరిగిపోయింది. షోకేస్ ఓడ వేరు, ఆట ఓడ వేరు. ఆట ఓడ అంటే ముందు మినీలు నిలబడే నేల, అంటే డెక్, ఆ తర్వాతే ఓడ. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ముందు కొలతలు. మినీలు కదిపే గళ్ళ గ్రిడ్‌లో 1 అంగుళం అంటే 5 అడుగులు, అంటే స్కేల్ 1:60 అన్నమాట. డి అండ్ డి రూల్స్‌లో సెయిలింగ్ షిప్ 100 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, మనకి 20 అంగుళాలు బై 4 అంగుళాలు వస్తుంది. పొడవు ఓకే, వెడల్పే చాలదు, నాలుగు గళ్ళలో మధ్యన మాస్ట్, అటూ ఇటూ రెయిలింగ్ పోతే ఫైట్ అంతా బస్సులో నిలబడి కొట్టుకున్నట్టు ఉంటుంది. నేను 6 అంగుళాలు పెడతా, చూడ్డానికి కొంచెం బొద్దుగా ఉన్నా ఆడేటప్పుడు ఎవరికీ ఆ తేడా తెలీదు. అలాగని మరీ పెద్దదానికి పోకండి. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఓడ హెచ్ఎంఎస్ విక్టరీలో ఫిరంగులుండే గన్ డెక్ పొడవు 186 అడుగులు, మన స్కేల్‌లో అది 37 అంగుళాలు దాటుతుంది, ఇక పాత్రల వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లు ఒళ్ళో పెట్టుకుని ఆడాలి.

మాస్ట్‌లు ఎన్ని అనేది కూడా ఇప్పుడే తేల్చుకోండి. నేను రెండే పెడతా. శాతవాహనుల కాలంలో పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు మాస్ట్‌ల ఓడ బొమ్మ ఉంటుంది, మా కథలో ఓడకి అదే ఆధారం, పైగా రెండైతే నడి డెక్ అంతా ఖాళీగా దొరుకుతుంది, కొట్లాట జరిగేది అక్కడే కదా.

న్యూస్‌పేపర్‌ని పొడవుగా సగానికి మడిచి సగం ఓడ ఆకారం గీసి కత్తిరించండి, విప్పితే రెండు వైపులా ఒకేలా వస్తుంది. ముందు 5 అంగుళాల్లో ముక్కులా సన్నబడాలి, వెనక వైపు నాలుగున్నర అంగుళాలు ఉంటే చాలు. కటింగ్‌కి వెళ్ళకముందే ఆ కాగితం మీద మీ దగ్గరున్న మినీలన్నీ పెట్టి చూడండి. ఇరుకుగా అనిపిస్తే కాగితం మార్చడం నిమిషం పని, ఫోమ్ కోశాక మార్చలేం.

మెటీరియల్ విషయానికొస్తే మామూలు తెల్ల థర్మోకోల్ వద్దు, కోస్తే పూసలు పూసలుగా రాలిపోద్ది, గీత గీస్తే నిలవదు. ఎక్స్‌పీఎస్ ఫోమ్ తీసుకోండి, డాబా మీద వేడి తగ్గడానికి వేసే నీలం లేదా పింక్ రంగు గట్టి షీట్లు, ఇన్సులేషన్ మెటీరియల్ అమ్మే షాపుల్లో దొరుకుతాయి. 25 మి.మీ. మందం ఉన్నవి రెండు పొరలు అతికిస్తే ఓడ ఎత్తు సుమారు 2 అంగుళాలు వస్తుంది. నీళ్ళ కింద ఉండే భాగం మనకి అక్కర్లేదు, అడుగు చదునుగా టేబుల్‌కి ఆనుకుని ఉండాలి. కోసేటప్పుడు కట్టర్‌కి కొత్త బ్లేడ్ వేయండి, ఒకేసారి నొక్కకుండా మూడు నాలుగు సార్లు గీసి కోయండి, మొద్దు బ్లేడ్‌తో కోస్తే ఫోమ్ చిరిగినట్టు అవుద్ది.

అతికించడానికి ఫెవికాల్ చాలు. సూపర్ గ్లూ, స్ప్రే పెయింట్, ఘాటు వాసన వచ్చే రబ్బర్ గమ్, ఇవేవీ ఫోమ్‌కి తగలనివ్వకండి, అందులో ఉండే కెమికల్స్‌కి ఫోమ్ కరిగి గుంటలు పడిపోద్ది. రెండు పొరల మధ్యకి గాలి ఆడదు కాబట్టి ఫెవికాల్ ఆరడానికి చాలా టైమ్ పడుతుంది, జరక్కుండా నాలుగు టూత్‌పిక్‌లు గుచ్చి, పైన లావు పుస్తకాలు పెట్టి మర్నాటి దాకా వదిలేయండి.

ఇప్పుడు అసలు పని, డెక్. దీని మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టినా నష్టం లేదు. ముందు నడిమధ్యన ముక్కు నుంచి వెనక దాకా ఒక గీత, దాన్నుంచి అటూ ఇటూ అంగుళానికో గీత పెన్సిల్‌తో గీయండి. తర్వాత ప్రతి అంగుళాన్నీ ఐదు భాగాలు చేయండి, ఒక్కోటి 5 మి.మీ. చిల్లర వస్తుంది, మన స్కేల్‌లో అది సరిగ్గా ఒక అడుగు వెడల్పున్న చెక్క పలక. ఇంకు అయిపోయిన బాల్ పెన్ తీసుకుని స్టీల్ స్కేల్ ఆనించి మొదటిసారి తేలిగ్గా, రెండోసారి కాస్త నొక్కి గీయండి. అంగుళం గీతల దగ్గర మాత్రం మూడోసారి కూడా గీయండి, కొంచెం లోతుగా పడతాయి. అడ్డంగా గళ్ళు చూపించడానికి ఓడ మొత్తం అడ్డగీతలు కొట్టొద్దు, గ్రాఫ్ పేపర్‌లా అయిపోద్ది. పలకల చివర్లు అతుక్కునే చోట్లు పొడవు వెంబడి అంగుళాల కొలత మీదే పడేలా పెట్టండి, పక్కపక్క పలకలకి ఒకే చోట అతుకు రాకుండా చూసుకోండి, ఇంక ప్రతి అంగుళం దగ్గరా గుండుసూదితో రెండు చుక్కలు పొడవండి, మేకు తలల్లా కనిపిస్తాయి. రంగు పడ్డాక కొత్తవాళ్ళకి అది చెక్క డెక్‌లానే ఉంటుంది, ఆడేవాళ్ళు మాత్రం గళ్ళు టకటకా లెక్కపెట్టేసుకుంటారు. చివర్లో తుప్పు గీకే వైర్ బ్రష్‌ని పొడవు వెంబడి బరువు వేయకుండా లాగితే చెక్క చార వస్తుంది.

పక్క గోడలకి అట్టపెట్టెని సన్నటి పట్టీలుగా కోసి అతికించండి, ఒకటి రెండు పట్టీలు మందంగా ఉంటే బాగుంటుంది. రెయిలింగ్‌కి ఐస్‌క్రీమ్ పుల్లలు సరిపోతాయి, సెంటీమీటర్ ఎత్తు అంటే మినీకి మోకాలు దాటి వస్తుంది, అంతకన్నా ఎత్తు పెడితే వెనకున్న మినీలు కనబడవు. ముక్కు దగ్గర వంపు తిరగాలి కాబట్టి పుల్లల్ని పది పదిహేను నిమిషాలు మరిగించి, మెత్తబడ్డాక నెమ్మదిగా గాజు సీసా చుట్టూ వంచి రబ్బర్ బ్యాండ్ వేసి రాత్రంతా ఆరనివ్వండి, ఆ వంపు అలాగే నిలబడిపోద్ది. తొందరపడి ఆరకముందే విప్పితే మళ్ళీ తిన్నగా అయిపోద్ది. రెండు వైపులా నడి డెక్ దగ్గర అంగుళంన్నర ఖాళీ వదలండి, ఎందుకో చివర్లో చెప్తా.

వెనక క్యాబిన్‌ని ఫోమ్ బోర్డ్‌తో అంగుళంన్నర ఎత్తు పెట్టెలా కట్టి, పైకప్పు మాత్రం అతికించకండి. ఆ కప్పే పై డెక్, దాని అడుగున లోపలి వైపు రెండు పట్టీలు అతికిస్తే జారకుండా కూర్చుంటుంది, కెప్టెన్ గదిలోకి ఎవరైనా దూరితే ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. చుక్కాని తిప్పే చక్రానికి చొక్కా గుండీ చుట్టూ టూత్‌పిక్ ముక్కలు చాలు. మరీ పాత కాలం ఓడ కావాలంటే చక్రమే వద్దు, పొడుగాటి కర్ర పెట్టండి, చక్రాలు 1700ల్లో గానీ మామూలు కాలేదు. డెక్ మధ్యలో కిందకి దిగే తలుపు మీద జాలీ కోసం కిటికీలకి కొట్టే దోమల మెష్ ముక్క అతికించండి, పురికొసని గుండ్రంగా చుట్టి పెడితే తాళ్ళ కట్ట.

మాస్ట్‌లు ఊడదీసేలా ఉండాలి, ఇది తప్పనిసరి. ఫోమ్‌లో ఉత్తి కన్నం చేసి గుచ్చితే నాలుగు ఆటలకే వదులైపోద్ది, పాత స్కెచ్ పెన్ గొట్టం ముక్క కోసి కన్నంలో ఫెవికాల్‌తో దించండి, అందులో బిగుతుగా పట్టే కర్ర చూసుకోండి. ఎత్తు 9 అంగుళాలు దాటనివ్వకండి. నిజం ఓడల్లో ఇంకా చాలా ఎత్తే ఉంటాయి, కానీ ఇక్కడ చేతులు ఆడాలి. తెరచాపలు చుట్టేసి కట్టినట్టు చేయండి, విప్పితే సగం డెక్ దాని వెనకే దాక్కుంటుంది. పాత పంచె గుడ్డని టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, వెదురు పుల్ల కింద చుట్టి దారంతో అక్కడక్కడ కట్టండి, ఆరాక రాయిలా గట్టిపడుద్ది.

రంగు వేసే ముందు నల్ల యాక్రిలిక్‌లో ఫెవికాల్ కలిపి, అడుగుతో సహా అంతటా రెండు కోట్లు వేయండి. ఫోమ్‌కి ఇదే కవచం, లేకపోతే గోరు తగిలినా నొక్కు పడుద్ది. ఆ మీద బ్రౌన్, పల్లాల్లో నలుపు వదిలేయండి. డెక్‌కి మాత్రం పూర్తి బ్రౌన్ వద్దు, ఎండకీ ఉప్పు నీళ్ళకీ ఓడ చెక్క బూడిద రంగుకి తిరుగుతుంది, కాబట్టి లేత బూడిద గోధుమ రంగు బ్రష్‌కి పట్టించి, టిష్యూ మీద దాదాపు పొడి అయ్యేదాకా తుడిచి, పలకలకి అడ్డంగా తేలిగ్గా ఆడించండి, అంచుల మీద మాత్రమే అంటుకుని గీతలన్నీ పైకి లేస్తాయి.

ఇక రెయిలింగ్‌లో వదిలిన ఆ ఖాళీ సంగతి. రెండో ఓడ కట్టినప్పుడు, కడతారు ఎలాగూ, డెక్ ఎత్తు సరిగ్గా ఇదే ఉంచండి. మూడు ఐస్‌క్రీమ్ పుల్లలు పక్కపక్కన అతికిస్తే అంగుళం పైన వెడల్పొస్తుంది, మినీ బేస్ చక్కగా కూర్చుంటుంది. టేబుల్ మీద నీలం గుడ్డ పరిచి రెండు ఓడల్నీ 2 అంగుళాల దూరంలో నిలబెట్టి, ఆ ఖాళీల మధ్య ఈ పలక వేయండి, ఇంక ఇనీషియేటివ్ రోల్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) చేయమని చెప్పడమే.