ఉట్టి కట్టిన నిచ్చెన

మా బాల్కనీలో మనీప్లాంట్లు వేలాడదీయాలని మొదట సీలింగ్‌కు చిన్న కొక్కేలు బిగించాను. పదిహేను రోజులకు, అర్ధరాత్రి, ఒక కొక్కెం ప్లాస్టరింగ్ పెచ్చుతో సహా ఊడి కిందపడింది. దొంగలేమో అనుకుని అత్తయ్య చీపురు పట్టుకుని వచ్చారు.

తప్పు కుండీది కాదు, నాది. పొడిగా ఉన్నప్పుడు ఎత్తి చూసి తేలికే అనుకున్నాను. లీటరు నీళ్లంటే కిలో బరువు. తడిసిన ఎర్రమట్టి మరీ బరువు. పైగా నా స్క్రూలు ప్లాస్టరింగ్ దాటి స్లాబులోకి దిగనే లేదు.

ఈసారి అటక మీది పాత వెదురు నిచ్చెన దించాను. స్లాబులోకి డ్రిల్లింగ్ చేయించి, నాలుగు యాంకర్ బోల్టులు వేయించి, గొలుసులతో నిచ్చెనను అడ్డంగా వేలాడదీశాను. రంధ్రాలు వేసే ముందు కరెంటు పైపులు ఎటు వెళుతున్నాయో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం మరవకండి. మట్టిలో సగానికి కొబ్బరి పొట్టు కలిపితే బరువు బాగా తగ్గింది.

కుండీలకు ఉట్లు నేనే అల్లాను. జనపనార తాడు చూడముచ్చటగా ఉంది కానీ, ఒక్క వానాకాలానికే అడుగున కుళ్లింది. ఇప్పుడన్నీ నైలాన్ తాళ్లే. అందం కాస్త తగ్గిందని మా అమ్మాయి గొణుగుతూనే ఉంది.

నీళ్లు కారి కింది ఇంటివాళ్ల బట్టలు తడుస్తున్నాయని మాట రాకముందే, ప్రతి కుండీ కింద ఒక ప్లాస్టిక్ పళ్లెం ఇరికించాను. దోమలు చేరకుండా అందులోని నీళ్లు మాత్రం ఎప్పటికప్పుడు పారబోయాలి.