మార్కులు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు సున్నాలు జాగ్రత్త

పాత సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసి ఉంచే సాదా ఫైలు) ఎక్సెల్‌లో నేరుగా తెరిచి సేవ్ చేయకండి. 00417 అనే విద్యార్థి నంబరు అందులో 417గా మారిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ పిల్లవాడిని గుర్తుపట్టదు, లేదా కొత్త విద్యార్థి అనుకుని మరో పేరు చేరుస్తుంది. అందుకే డేటా మెనూ ద్వారా ఫైలును దిగుమతి చేసుకుని, నంబర్ల నిలువు వరుసను 'టెక్స్ట్'గా ఎంచుకోండి. తెలుగు పేర్లుంటే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే సేవ్ చేయాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

పాత మార్కులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోని విద్యార్థితో జతపరచడానికి పేరును అసలు నమ్మవద్దు. ఒకే తరగతిలో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే ఒకరి మార్కులు మరొకరికి చేరతాయి. నంబరే ఆధారం కావాలి.

ఇక ఖాళీ గడి. పరీక్ష రాయకపోవడం వేరు, సున్నా రావడం వేరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీని సున్నాగా లెక్కిస్తాయి, దాంతో సెలవులో ఉన్న పిల్లల సగటు అన్యాయంగా పడిపోతుంది. ముందు ఒక చిన్న తరగతిని మాత్రమే ఎక్కించి, ఇద్దరు ముగ్గురి మొత్తాలను పాతవాటితో సరిచూడండి. పరీక్షల వెయిటేజీ, అంటే మొత్తంలో ఒక్కో పరీక్షకు ఇచ్చే వాటా, సాధారణంగా ఈ ఫైలులో రాదు, దాన్ని విడిగా నమోదు చేయాలి. పాత ఫైలు అసలు ప్రతిని మాత్రం ముట్టుకోకుండా దాచి ఉంచండి.