పత్తి, ధాన్యం లోడ్లు మొదలయ్యేలోపు ట్రాలీ లైట్లు, బ్రేకులు సరిచేసుకోండి

నవంబరు వచ్చిందంటే ఒడిశాలోని గుణుపురం, రాయగడ వైపు పత్తి, పర్లాకిమిడి వైపు ధాన్యం ఒకేసారి రోడ్డెక్కుతాయి. మండీలో మన వంతు వచ్చేసరికి పొద్దు పోతుంది. ఇంటిదారి చీకట్లోనే. డిసెంబరు, జనవరిల్లో కొరాపుట్ కొండల మీద పొగమంచు దిగితే ముందు పోతున్న బండి ఆనవాలు కూడా దొరకదు. వెనక లైటు లేని ట్రాలీ మోటారుసైకిలు అతనికి కనపడేసరికి బ్రేకు వేసే జాగా ఉండదు. అందుకే వానాకాలమంతా చెట్టుకింద నానిన ట్రాలీకి అక్టోబరు చివర్లోనే ఒక పూట కేటాయించండి. లోడు ఎక్కాక ఈ పని కుదరదు.

పని మొదలుపెట్టే ముందు ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ట్రాక్టర్ బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాత వైరుకు మూడు నాలుగు చోట్ల టేపు చుట్టి ఉంటే దాన్ని బాగు చేయాలని చూడొద్దు, మొత్తం పీకేయడమే మేలు. టేపు లోపల తడి చేరి రాగి పచ్చబడి ఉంటుంది. ఈ జాయింటు సరిచేస్తే వచ్చే వారం పక్క జాయింటు పోతుంది.

ముందుగా సాకెట్ సంగతి. ట్రాక్టర్ వెనక ఉండే ఏడు పిన్నుల సాకెట్‌కు ఐఎస్ఓ 1724 అనే ప్రమాణం ఉంది. ప్రతి పిన్ను పక్కనా అంకె అచ్చు వేసి ఉంటుంది, టార్చి వేసి చూస్తే కనపడుతుంది. 1 ఎడమ ఇండికేటర్, పసుపు. 2 వెనక ఫాగ్ లైటు, నీలం. మన ట్రాలీలకు దీనితో పని పడదు, ఖాళీగా వదిలేయండి. 3 ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి, తెలుపు. 4 కుడి ఇండికేటర్, ఆకుపచ్చ. 5 కుడి టెయిల్ లైటు, గోధుమరంగు. 6 బ్రేకు లైట్లు, ఎరుపు. 7 ఎడమ టెయిల్ లైటు, నలుపు.

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. నల్ల వైరంటే ఎర్త్ అని చేతికి అలవాటు. ఈ కేబుల్లో ఎర్త్ తెలుపు, నలుపు టెయిల్ లైటుది. నలుపును తెచ్చి చాసిస్‌కు (ట్రాలీ ఇనుప చట్రానికి) బిగిస్తే పార్కింగ్ లైటు స్విచ్చి వేయగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు తీసి రాగి తీగ చుట్టి ఉంటే వైరే కాలుతుంది, పైన ఉన్నది పత్తి. ఇంకో మాట: మీ ట్రాక్టర్ సాకెట్‌ను ఇదివరకు ఎవరైనా విప్పి ఉంటే రంగుల్ని నమ్మొద్దు. తీసేసిన బ్యాటరీ నెగటివ్‌ను మళ్లీ తగిలించి, టెస్ట్ ల్యాంపు ఒక కొసను దానికి పెట్టి, ఒక్కొక్క స్విచ్చీ వేయిస్తూ ఏ పిన్ను దగ్గర ల్యాంపు వెలుగుతుందో రాసుకుని, నెగటివ్ మళ్లీ తీసేశాకే ట్రాలీ వైపు కలపండి.

వైరు సైజు దగ్గర పిసినారితనం వద్దు. బ్రేకు నొక్కి ఉండగా ఇండికేటర్ కూడా వేస్తే ట్రాలీలో రెండు 21 వాట్ల బ్రేకు బల్బులు, ఒక 21 వాట్ల ఇండికేటర్, రెండు 5 వాట్ల టెయిల్ బల్బులు, నంబరు ప్లేటుకు ఇంకో 5 వాట్లు ఒకేసారి వెలుగుతాయి. మొత్తం 78 వాట్లు, 12 వోల్టుల మీద 6.5 ఆంపియర్లు. బల్బులకు పోయే కరెంటు వేర్వేరు వైర్లలో పంచుకుని పోతుంది గానీ తిరిగొచ్చేది మాత్రం ఒక్క ఎర్త్ వైరులోనే. సాకెట్ నుంచి వెనక లైటు దాకా 7 మీటర్లు అనుకుంటే, 1 చదరపు మిల్లీమీటరు వైరులో ఎర్త్ దారిలోనే 0.8 వోల్టు పోతుంది. 2.5 వైరు వేస్తే 0.3 వోల్టే పోతుంది. ఇది చిన్న తేడా కాదు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. కాబట్టి లైట్లకు 1 సైజు, ఎర్త్‌కు 2.5 సైజు, రెండూ బండ్లకు వాడే పలుపోగుల వైరే తీసుకోండి. ఇంటికి వేసే ఒంటి తీగ వైరు గతుకుల రోడ్డు మీద లోపలే విరుగుతుంది, పైకి ఏమీ కనపడదు. షాపులో లోపలి ఏడు వైర్లూ 1 సైజులోనే ఉన్న కేబుల్ మాత్రమే దొరికితే దాన్ని సాకెట్ నుంచి ట్రాలీ డ్రాబార్ (ట్రాక్టర్‌కు తగిలించే ముందు కడ్డీ) దాకా వాడి, అక్కడ జంక్షన్ డబ్బా పెట్టి, అక్కడినుంచి వెనక్కి ఎర్త్‌ను 2.5తో లాగండి.

ఎర్త్ వైరే వద్దు, హుక్కు గుండా బాడీ ఎర్త్ వస్తుంది కదా అనే వాదన అన్ని ఊళ్లలోనూ వినపడుతుంది. టోయింగ్ పిన్ను చుట్టూ గ్రీజు, తుప్పు, ఎర్రమట్టి. బండి ఊగినప్పుడల్లా ఆ పిన్ను తగులుతూ వదులుతూ ఉంటుంది. ఎర్త్ తెగిన ట్రాలీని గుర్తుపట్టడం తేలిక: టెయిల్ లైట్లు వేసి బ్రేకు నొక్కించి వెనక నిలబడి చూడండి. బ్రేకు లైటు ఎర్రగా భగ్గుమనాలి. ఎర్త్ తెగి ఉంటే అలా కాకుండా టెయిల్ లైటు కూడా మసకబారుతుంది, లేదంటే ఇండికేటర్ మిణుకుమంటుంది. కారణం ఏమిటంటే, ఎర్త్ దొరకని కరెంటు బ్రేకు ఫిలమెంటు దాటి టెయిల్ ఫిలమెంటులో దూరి, అదే సాకెట్ గుండా వెనక్కిపోయి ట్రాక్టర్ బల్బుల దగ్గర ఎర్త్ వెతుక్కుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే బల్బులు మార్చి డబ్బు తగలేయకండి, తెల్ల వైరు చూడండి. మల్టీమీటరు ఉంటే లైట్లన్నీ వెలుగుతుండగా వెనక హోల్డరు బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. అర వోల్టు దాటకూడదు.

జాయింట్లకు సోల్డర్ కంటే లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) పెట్టి క్రింపు చేసి, అంటే నొక్కి బిగించి, పైన వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయడం మంచిది. సోల్డర్ పెట్టిన చోట వైరు బిరుసెక్కి, దాని అంచు దగ్గర అదురుకు తెగుతుంది. కేబుల్ చాసిస్ ఛానెల్ లోపలి పక్కన, పైకి ఆనించి పోవాలి. ఇనుము రంధ్రంలోంచి దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ వేయండి, లేకపోతే పాత ట్యూబు ముక్కయినా చుట్టండి. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య కేబుల్ రెండు వైపులా పూర్తి మలుపు తిప్పినా బిగుసుకోకూడదు, వేలాడి నేలను తాకకూడదు, ట్రాక్టర్ వెనక తిరిగే పీటీవో షాఫ్టు వైపు అసలే పోకూడదు.

ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే రిలేను మరిచిపోవద్దు. ట్రాలీ తగిలిస్తే ఒక పక్కకు మూడు బల్బులు, 63 వాట్లు. రిలే మీద 2×21 అని మాత్రమే రాసి ఉంటే దాన్ని మార్చండి. ఎల్ఈడీ లైట్లు పెట్టుకుంటే కరెంటు తక్కువ తీసుకుంటాయి. అప్పుడు పాత రిలే గబగబా కొట్టుకోవచ్చు, లేదా ఆగిపోవచ్చు, దానికి ఎల్ఈడీకి పనికొచ్చే రిలే వేయాలి.

లైటు వెలగడం ఒకటి, కనపడటం ఇంకొకటి. పత్తి లోడు డోరు దాటి ఉబ్బి కిందికి జారుతుంది, గడ్డి సంగతి చెప్పక్కర్లేదు, వెనక లైట్లు రెండూ మూసుకుపోతాయి. ఒక చెక్క మీద రెండు లైట్లు, నంబరు ప్లేటు బిగించి, అదనంగా మూడు నాలుగు మీటర్ల కేబుల్ పెట్టుకుంటే లోడు బయట వేలాడదీయవచ్చు. లైటు కప్పు పగిలి ఉంటే బల్బు వేడి పత్తికి నేరుగా తగులుతుంది, అలాంటిది వెంటనే మార్చాలి. మెరిసే టేపు వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కలకు పసుపు. బ్యాటరీ దిగిపోయిన రాత్రి మీ బండిని కనపరిచేది ఆ టేపే, కాబట్టి మండీ నుంచి బయల్దేరేముందు గుడ్డతో ఒకసారి తుడవండి.

ఇక బ్రేకులు. 40-45 హెచ్‌పీ ట్రాక్టర్ సుమారు 2 టన్నులు ఉంటుంది, బ్రేకు ఉండేది వెనక చక్రాలకే. వెనక లాగుతున్నది దానికి రెండింతల బరువు. సాలూరు నుంచి సుంకి మీదుగా పోయే ఘాటీ లాంటి దిగుడులో ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే బరువంతా ట్రాక్టర్‌ను వెనకనుంచి తోస్తుంది, మలుపులో ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే లాచ్ వేశారో లేదో చేత్తో తాకి చూసుకోండి. పొలంలో విడదీసి మరిచిపోతారు. ఒక పెడలే నొక్కితే బండి ఆ వైపు లాగేస్తుంది. కొన్ని మోడళ్లలో బ్రేకు లైటు కూడా వెలగదు, స్విచ్చి రెండో పెడల్‌కు ఉంటుంది కనుక.

హైడ్రాలిక్ బ్రేకున్న ట్రాలీ అయితే పెడల్ మెత్తగా దిగితే లైనులో గాలి ఉన్నట్టు. చక్రం దగ్గరి నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, దాని కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, బుడగలు ఆగేదాకా బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి పంపాలి. బ్రేకు ఫ్లూయిడ్‌తో నడిచే సిలిండర్లో ట్రాక్టర్ హైడ్రాలిక్ ఆయిల్ పోయొద్దు, లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. షూలు సరిచేయడానికి చక్రం జాకీ మీద లేపి, రాసుకునేదాకా అడ్జస్టరు బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి వదలాలి. రెండు పక్కలా ఒకేలా ఉందా అనేది ఖాళీ గ్రావెల్ రోడ్డు మీద నెమ్మదిగా పోయి బ్రేకు వేస్తే గుర్తుల్లోనే తెలుస్తుంది. ట్రాలీ బ్రేకు ట్రాక్టర్ బ్రేకు కంటే ఒక పిసరు ముందే పట్టాలి.

డ్రాబార్ తోపుడుతో పట్టే ఓవర్‌రన్ బ్రేకయితే పొడవాటి దిగుడులో అది వదలకుండా రాసుకుంటూ వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు. రివర్సుకు దాని లాక్ లివరు వేయాలి, ముందుకు కదిలేముందు తీయాలి. ఏ బ్రేకు ఉన్నా సరే, దిగుడు మొదలవకముందే ఎక్కడానికి వాడే గేరులోకి మారండి. మధ్యలో క్లచ్ తొక్కడం, న్యూట్రల్ చేయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

టోయింగ్ పిన్నుకు బదులు ఇనుప కడ్డీ ముక్క పెట్టకండి. సరైన పిన్ను, దాని కింద అది జారిపోకుండా ఆపే లించ్ పిన్ను, డ్రాబార్ కిందుగా అడ్డంగా దాటించిన రెండు గొలుసులు ఉండాలి. పిన్ను విరిగినా డ్రాబార్ నేలలో గుచ్చుకోకుండా ఆ గొలుసులే మోస్తాయి. మనుషుల్ని లోడు మీద ఎక్కించుకోవద్దు, కూలీలు అడిగినా సరే.

రాత్రి దారిలో ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక యాభై మీటర్లు ఎడంగా మెరిసే త్రికోణం పెట్టండి, మలుపు ఉంటే మలుపు అవతల. రాళ్లు పెట్టి ఉంటే బండి కదిలాక వాటిని రోడ్డు పక్కకు తీసేసి మరీ వెళ్లండి.