పేగు గోడకు ప్రోబయోటిక్: ఎప్పుడు, ఎంత, ఎలా వేసుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో మందుల షాపుకెళ్లి విరేచనాలని చెబితే చాలు, యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల) క్యాప్సూళ్లో, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పోసిన మందో చేతికొస్తుంది. ఎందుకు, ఏ వేళకు, ఎన్నాళ్లు అన్నది చాలాసార్లు తెలియదు. పది రోజులు వాడి, తేడా కనబడక, సగం స్ట్రిప్పు ఫ్రిజ్ మీద వదిలేస్తారు. అది ఏం పని చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, పేగూ బాగుంటుంది.

పేగు లోపలి గోడ మందం ఒకే ఒక్క కణం. పక్కపక్కనున్న కణాలను ఆక్లూడిన్, క్లాడిన్ లాంటి ప్రోటీన్లు కుట్టు వేసినట్టు బిగించి ఉంచుతాయి. ఈ కుట్లనే టైట్ జంక్షన్లు అంటారు. గోడ మీద జిగురు పొర ఉంటుంది. పెద్దపేగులో అది రెండు వరసలు, లోపలి వరసలోకి సూక్ష్మజీవులు దాదాపు చేరలేవు. గోడ కణాలు 3 నుంచి 5 రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. పెద్దపేగు కణాలకు ముఖ్యమైన తిండి బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లం. మనం తిన్న పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెడితేనే అది తయారవుతుంది. పీచు అందకపోతే కొన్ని బ్యాక్టీరియా ఆ జిగురు పొరనే తినడం మొదలుపెడతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది.

అందుకే క్యాప్సూల్ మాట తర్వాత. ముందు ఈ రెండు అడుగులూ వేయండి.

1. గోడను ఏది కొరుకుతోందో చూడండి

ఒళ్లు నొప్పులకు రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు చిన్నపేగు గోడను నేరుగా దెబ్బతీస్తాయి. ఇప్పసారా అయినా సీసా మందు అయినా ఆల్కహాల్ ఆ కుట్లను వదులు చేస్తుంది. ఇవి సాగుతుండగా ప్రోబయోటిక్ వేసుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. డాక్టరు రాసిన నొప్పి మాత్రలైతే సొంతంగా ఆపకండి, బదులేదైనా ఉందేమో అడగండి.

మూడోది నీళ్లు. వాగు నీళ్లో, మూత లేని బావి నీళ్లో తాగే పిల్లలకు పైకి విరేచనాలు లేకపోయినా పేగు గోడ నెలల తరబడి వాచి ఉంటుంది. తిన్నది ఒంటబట్టదు, ఎత్తు పెరగరు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం మరిగిస్తే చాలు. కొరాపుట్ కొండమీద ఉన్నా అదే లెక్క, 2,000 మీటర్లు దాటిన ఊళ్లకే 3 నిమిషాలు కావాలి. మరిగించిన నీళ్లలో చెయ్యి ముంచి గ్లాసు తీస్తే పడ్డ శ్రమ పోయినట్టే, కాడ ఉన్న గరిటె వాడండి.

2. వంటింటి నుంచి మొదలుపెట్టండి

100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. అంతే తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. కొరాపుట్, రాయగడ వైపు మండియా అని పిలిచే ఈ పంట ఇంటి పక్కనే పండుతుంటే పీచు పొడి డబ్బా కొనడం దండగ. పెద్దవాళ్లకు రోజుకు 30 గ్రాముల దాకా పీచు అందాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది కాబట్టి వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుతూ పోండి.

అంబలి విషయంలో ఒక పొరపాటు జరుగుతుంది. చోడిపిండిని రాత్రంతా పులియబెట్టి, పొద్దున్న నూకలతో ఉడికిస్తే ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే అంబలి పూర్తిగా చల్లారాక మజ్జిగ కలపాలి. వేడిగా ఉండగా కలిపితే రుచే మిగులుతుంది.

చద్దన్నం ఇలా చేయండి. 1 కప్పు అన్నం వండి, పళ్లెంలో పరిచి గంటలోపే చల్లార్చండి. మట్టికుండలో వేసి, మరిగించి చల్లార్చిన నీళ్లు 2 కప్పులు పోసి, 1 టేబుల్ స్పూన్ పుల్లటి పెరుగు కలిపి పల్చటి గుడ్డ కట్టండి. ఎండాకాలం 8 గంటలు, చలికాలం 12 గంటలు ఉంచితే చాలు. ఒడియావాళ్ల పఖాళ ఇదే, వాళ్లు తొరాణి అనే నీళ్లు మన తరవాణే. వండి చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారి, పెద్దపేగుదాకా చేరి బ్యుటిరేట్‌కు ముడిసరుకవుతుంది.

చెడిపోయేది ఎక్కువగా చల్లార్చేటప్పుడే. గిన్నెలో ముద్దగా గంటలకొద్దీ వెచ్చగా ఉంచితే అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పెరుగు కలపడం అందుకే మేలు, పులుపు త్వరగా ఎక్కి చెడు బ్యాక్టీరియాను అణిచిపెడుతుంది. మెతుకు జిగటగా సాగినా, గులాబీ మచ్చలు కనిపించినా, పులుపు వాసన పోయి కుళ్లు వాసన వచ్చినా పారబోయండి. గర్భిణులు, పసిపిల్లలు నిలవ చద్దన్నానికి దూరంగా ఉంటే మంచిది.

చద్దన్నం, పెరుగు మంచి ఆహారమే అయినా వాటిని ప్రోబయోటిక్ మందుగా లెక్కవేయకూడదు. తగిన మోతాదులో ఇచ్చినప్పుడు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్ అనాలని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచించాయి. కుండలో పెరిగేవి ఏ రకమో, ఎన్నో మనకు తెలియవు.

3. లేబుల్ చదవండి

పేరులో మూడు భాగాలుండాలి. "లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ"లో చివరి "జీజీ" అసలైన చిరునామా. అది విడుదల చేసే పీ40 అనే ప్రోటీన్ గోడ కణాలను కాపాడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అదే జాతిలోని మరో రకానికి ఆ గుణం ఉండాలని లేదు. డబ్బా మీద జాతి పేరు మాత్రమే ఉంటే పక్కన పెట్టండి.

సంఖ్య చూడండి. 1 బిలియన్ సీఎఫ్‌యూ అంటే 100 కోట్ల సజీవ కణాలు. "తయారైనప్పుడు 500 కోట్లు" అంటే మీ చేతికొచ్చేసరికి ఎన్ని మిగిలాయో తెలియదు, "గడువు తేదీ వరకు" అన్నదే పనికొచ్చే మాట.

ఇక ఎండ. మే నెలలో గుణుపురం బస్సులో, బండి డిక్కీలో రెండు గంటలుంటే ఫ్రిజ్‌లో ఉంచాల్సిన రకాలు చాలా నష్టపోతాయి. కరెంటు తరచూ పోయే ఊళ్లలో గది వేడికి తట్టుకునేవే తీసుకోండి. బాసిల్లస్ క్లాసీ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోయే రూపం) వేడిని బాగా ఓర్చుకుంటాయి, ఎండబెట్టిన సాక్రోమైసెస్ బౌలార్డీ అనే ఈస్టు కూడా చాలావరకు నిలుస్తుంది.

4. ఏ అవసరానికి ఏది

యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు రాకుండా చూడడంలో సాక్ష్యం బలంగా ఉంది. పిల్లలకు జీజీ రకం రోజుకు 500 కోట్లు లేదా బౌలార్డీ, పెద్దలకు బౌలార్డీ 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. యాంటీబయాటిక్ మొదలైన రోజే మొదలుపెట్టండి, విరేచనాలు వచ్చాక ప్రారంభిస్తే లాభం తగ్గుతుంది. బ్యాక్టీరియా రకాలకు, యాంటీబయాటిక్‌కు మధ్య 2 గంటల ఎడం ఉండాలి. బౌలార్డీ ఈస్టు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు మాత్రం చంపుతుంది.

కోర్సు అయ్యాక నెలల తరబడి కొనసాగించకండి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో యాంటీబయాటిక్ తర్వాత అనేక రకాలు కలిపిన ప్రోబయోటిక్ వాడినవారిలో, వాళ్ల సొంత పేగు బ్యాక్టీరియా తిరిగి నిలదొక్కుకోవడం బాగా ఆలస్యమైంది. ఏమీ వాడనివారు ముందే కోలుకున్నారు. కోర్సు, ఆపైన ఒక వారం చాలు.

పిల్లలకు విరేచనాలైతే మొదటి మందు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం 1 లీటరు నీళ్లలో కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. దాంతో పాటు జింకు: 6 నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. విరేచనాలు ఆగినా జింకు ఆపకండి, గోడ మరమ్మతు ఆ తర్వాత కూడా సాగుతుంటుంది. జింకు ఇవ్వకుండా ఖరీదైన ప్రోబయోటిక్ ఇవ్వడం తలకిందుల వైద్యం.

ఒడిశాకు ఈ శాస్త్రంలో గర్వపడే చోటు ఉంది. ఇక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక ప్రత్యేక రకాన్ని, దానికి మేతయ్యే ఫ్రక్టో ఆలిగోశాకరైడ్‌తో కలిపి 7 రోజులు ఇస్తే, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి చూసినప్పుడు 40 శాతం తగ్గాయి. వాళ్లంతా తల్లిపాలు తాగుతూ, 2 కిలోలకు తగ్గని బరువుతో పుట్టినవాళ్లు. దీన్ని చూసి షాపులో దొరికే పొడి పసికందుకు పెట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ప్రోబయోటిక్ బ్యాక్టీరియా రక్తంలోకి చేరి ప్రాణాంతకమైన సందర్భాలున్నాయి.

5. మిగతా సప్లిమెంట్లు

ఫ్రక్టో ఆలిగోశాకరైడ్, ఇనులిన్ పొడులు బ్యాక్టీరియాకు మేత. 2 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 5 గ్రాములకు పెంచండి. ఇసబ్గోల్ 1 స్పూనుకు నిండు గ్లాసు నీళ్లు తప్పవు, తక్కువ నీళ్లతో మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది.

గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం చిన్నపేగు కణాల ఇంధనం. ఇన్ఫెక్షన్ తర్వాత విరేచనాల ఐబీఎస్ (దీర్ఘకాలం కడుపునొప్పితో మలవిసర్జన తీరు మారే జబ్బు) మిగిలినవారికి 5 గ్రాములు రోజుకు మూడుసార్లు, 8 వారాలు ఇచ్చిన ఒక పరీక్షలో పేగు గోడ లీకు తగ్గింది. అలాంటివారు డాక్టరు సలహాతో ప్రయత్నించవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవారికి అక్కర్లేదు. "లీకీ గట్"కు, అంటే పేగు గోడ లీకుకు, జొనులిన్ (కుట్లను వదులు చేసే ప్రోటీన్) పరీక్ష చేయించుకోమని ఎవరైనా అంటే ఆ డబ్బు దాచుకోండి, ఆ కిట్లు నమ్మదగినవి కావు.

6. ఎవరు వేసుకోకూడదు, ఎప్పుడు ఆపాలి

కీమోథెరపీలో ఉన్నవారు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారు, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ఉన్నవారు ప్రోబయోటిక్ జోలికి పోకూడదు. తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రోగులకు ఇచ్చిన ఒక యూరప్ పరీక్షలో ప్రోబయోటిక్ వర్గంలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2008లో వెలువడిన ఆ ఫలితం తర్వాత ఆ జబ్బులో వీటిని ఇవ్వడం మానేశారు.

మిగిలినవారికి మొదటి వారం కొంచెం గ్యాసు మామూలే. ఉబ్బరం బాధిస్తే మోతాదు సగానికి తగ్గించండి. దీర్ఘకాలపు కడుపు బాధకు వాడుతుంటే ఒకే రకం 4 వారాలు వాడి చూడండి. రోజుకు ఎన్ని విరేచనాలు, ఎంత నొప్పి అన్నది కాగితం మీద రాసుకోండి. 4 వారాలకూ తేడా లేకపోతే ఆపేయండి, బ్రాండు మార్చి ఇంకో 4 నెలలు లాగొద్దు.

మలంలో రక్తం, తగ్గని జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఆగని వాంతులు, పిల్లాడికి 6 గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఏదైనా కనిపిస్తే షాపుకు కాదు, ఆసుపత్రికే వెళ్లండి. దారిలో పిల్లాడికి గుక్కగుక్కగా ఓఆర్ఎస్ తాగిస్తూనే ఉండండి.