గుల్లబారిన ఎముకలకు వంటింటి లెక్క: నెల్లూరు, ప్రకాశం వాళ్లకు

నడుం నొప్పని వెళ్తే స్కాన్ తీసి, "ఎముకలు గుల్లబారాయమ్మా" అని ఒక కాల్షియం గోలీ, వారానికొక విటమిన్ డి పొడి రాసి పంపుతారు. తిండి సంగతి "పాలు, గుడ్లు బాగా తీసుకోండి" దగ్గర ఆగిపోతుంది. ఎంత తినాలి, దేంతో కలపాలి, దేన్ని దూరంగా పెట్టాలి అన్నది తెలియకపోతే మింగిన గోలీ కూడా సగం వృథా. కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లయితే వీటన్నిటికంటే ముందు తాగే నీళ్ల సంగతి తేల్చుకోవాలి.

స్కాన్ కాగితంలో టీ-స్కోరు, అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె, చూడండి. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని అర్థం. మైనస్ 2.5గానీ అంతకంటే కిందికిగానీ ఉంటే అది బోలు ఎముకల వ్యాధి. అలాంటివాళ్లకూ, బాత్రూంలో చిన్నగా జారినందుకే మణికట్టో తుంటో విరిగినవాళ్లకూ తిండి ఒక్కటే చాలదు, మందు వాడాల్సిందే. అలాగని తిండిని వదిలేస్తే, కాల్షియం లేని ఒంట్లో ఆ మందు చేసేదీ తక్కువే.

రోజుకు ఎంత కావాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకు 1200. మన కంచంలో ఎక్కువ భాగం అన్నమే. మొలగొలుకులు వండినా, సాంబ మసూరి వండినా వంద గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మి.గ్రా. దాటదు. అందుకే మూడు పూటలా అన్నం, చారు, పచ్చడితో గడిపేసే మనిషికి కడుపు నిండుతుంది గానీ ఎముకకు ఏమీ చేరదు.

పాలలోనూ పెరుగులోనూ వంద మిల్లీలీటర్లకు సుమారు 120 మి.గ్రా. ఉంటుంది. గేదె పాలా, ఆవు పాలా అన్నదానికి ఇక్కడ పెద్ద తేడా లేదు. వెన్న తీసేసినా కాల్షియం పోదు కాబట్టి కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు వెన్న తీసిన పాలే వాడుకోవచ్చు. పాలు పడక కడుపు ఉబ్బరించేవాళ్లకు పెరుగు మేలు, చాలామందికి అది ఇబ్బంది పెట్టదు. పొరపాటు జరిగేది మజ్జిగ దగ్గర. "రోజూ చెంబెడు మజ్జిగ తాగుతాం కదా" అంటారు. గ్లాసు పెరుగులో మూడు గ్లాసుల నీళ్లు పోస్తే అందులో వంద మి.లీ.కి 30 మి.గ్రా. మిగులుతుంది. ఎండాకాలంలో దాహానికి అది మంచిదే, కాల్షియం లెక్కలో మాత్రం చెంబు మజ్జిగను చెంబు పెరుగుగా రాసుకోవద్దు.

రాగులు, వాటిని మొలకెత్తించే పద్ధతి

చిరుధాన్యాలన్నీ ఎముకలకు మంచివని ఇప్పుడు అందరూ అనేస్తున్నారు. కాల్షియం వరకు చూస్తే నిజంగా పనికొచ్చేది రాగి ఒక్కటే. వంద గ్రాముల్లో సుమారు 360 మి.గ్రా. ఉంటుంది. సజ్జలు, జొన్నలు, కొర్రల్లో 40 కూడా దాటదు. సజ్జ రొట్టెకు వేరే గుణాలు ఉన్నాయి, ఈ జబ్బుకు మాత్రం అది రాగి సంకటికి బదులు కాదు.

రాగిలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. గింజలోని ఫైటేట్లు, టానిన్లు కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. మొలకెత్తిస్తే అవి తగ్గుతాయి. రాగులు రాళ్లు ఏరి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టండి. నీళ్లన్నీ వాడ్చి, తడి బట్టలో పలచగా పరిచి మూట కట్టండి. పూటకోసారి నీళ్లు చిలకరిస్తే ఒక రోజు, చలికాలంలో అయితే రోజున్నరకు తెల్ల మొలక ముక్కు కనిపిస్తుంది. అక్కడితో ఆపేయాలి, మొలక పొడుగైతే పిండి చేదెక్కుతుంది. నీడలో రెండు రోజులు ఆరబోసి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్న సెగ మీద వేయించి మర పట్టించండి.

మే నెలలో మన వేడికి మూట మధ్యలో గింజలు జిగటగా తయారై పుల్ల వాసన కొడతాయి. అలాంటప్పుడు కడిగి వాడేద్దాం అనుకోకుండా పారేయండి. ఆరీ ఆరకుండా మర పట్టిస్తే డబ్బాలో వారానికే బూజు వస్తుంది. పంటి కింద కటుక్కుమంటేనే ఆరినట్టు. ఈ పని కుదరనివాళ్లు మామూలు రాగిపిండినే రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున అంబలి కాచి, చల్లారాక పెరుగు కలుపుకోవచ్చు.

ఒక మనిషి సంకటి ముద్దకు 50 గ్రాముల పిండి, అంటే చిన్న టీ గ్లాసుడు, సరిపోతుంది. అందులో 180 మి.గ్రా. వస్తుంది. షుగరు ఉన్నవాళ్లు పలచటి జావ కంటే ముద్దగానో రొట్టెగానో తినడం మంచిది, జావ తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది.

చేపలో ఎముక తినాలి

నెల్లూరు చేపల పులుసులో కొరమేను ముక్క ఎంత పెద్దదైనా దాని కండలో ఉండేది ప్రధానంగా ప్రోటీనే. కాల్షియం ఉన్నది ఎముకలో, దాన్నేమో పళ్లెం అంచున పెట్టేస్తాం. కాబట్టి ఎముకతో సహా నమిలి మింగగలిగే చిన్న చేపలు కావాలి: నెత్తళ్లు, చిన్న పరిగెలు, మెత్తగా ఉడికిన చిన్న కవళ్లు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చే ఎండు నెత్తళ్లు 20 గ్రాములు ముళ్లతో సహా తింటే దాదాపు గ్లాసు పాలు తాగినంత లెక్క.

తలలు తుంచేసి, వట్టి బాణలిలో మూడు నాలుగు నిమిషాలు వేయించి చాటలో దులిపితే ఇసుక రాలిపోతుంది. తర్వాత వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి మూడుసార్లు కడగాలి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన రకమైతే ఇది తప్పనిసరి. మామిడికాయతోనో వంకాయతోనో వండి, ఉప్పు చివర్లో రుచి చూశాకే వేయండి. యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్లు మాత్రం నెత్తళ్ల జోలికి వెళ్లొద్దు.

ఎముకల సూపు తాగితే ఎముక గట్టిపడుతుందన్న నమ్మకం చాలా గట్టిది. తుంటి విరిగిన పెద్దావిడకు రోజూ మేక కాళ్ల సూపు కాచి పోసేవాళ్లు ఎందరో. నీళ్లలో ఎంతసేపు ఉడికినా ఎముకలోని కాల్షియం చాలా కొద్దిగానే దిగుతుంది. వేడిగా తాగడానికి బాగుంటుంది, తాగనివ్వండి. పాలు మాన్పించి సూపు పోయడమే తప్పు. గోధుమ గింజంత సున్నం మజ్జిగలో కలిపి తాగమనే చిట్కా కూడా తిరుగుతోంది. దాన్ని వదిలేయండి, నోరూ గొంతూ పొక్కే ప్రమాదం ఉంది.

ఆకులు, గింజలు

మునగాకు వంద గ్రాముల్లో 300 మి.గ్రా. పైనే ఉంటుంది. పప్పులో గుప్పెడు ఆకు, సుమారు 30 గ్రాములు, వేస్తే 90 వస్తుంది. ఆషాఢంలో ఒక్కసారి వండి ఊరుకోకుండా వారానికి మూడు నాలుగు రోజులు వాడండి. మెంతికూర కూడా మంచిదే. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి వేసే అవిసె చెట్టు ఆకులో ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది, దొరికినప్పుడు కొబ్బరి వేసి వేపుడు చేసుకోవచ్చు. పాలకూర, తోటకూర, గోంగూరల్లో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సాలేట్లు ఎక్కువ. కాగితం మీద కాల్షియం కనిపించినా ఒంటికి అందేది తక్కువ. వాటిని తినొద్దని కాదు, లెక్కలో వేసుకోవద్దు.

నువ్వుల్లో కాల్షియం చాలావరకు పొట్టులోనే ఉంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు కొంటే అది చాలావరకు పోయినట్టే. పొట్టున్నవి వాడినా ఆ కాల్షియంలో కొంత ఆక్సాలేట్‌తో ముడిపడి ఉంటుంది కనుక రోజుకొక చెంచా నువ్వుల పొడి అదనంగా తింటే చాలు, దానిమీదే ఆధారపడకూడదు. ఉలవలు వంద గ్రాముల్లో 270 మి.గ్రా. దాకా ఉంటుంది. ఉలవచారు కోసం ఉలవలు ఉడికించి కట్టు మనం తాగి, గుగ్గిళ్లు గేదెకు పెడితే కాల్షియం గేదెకే పోయినట్టు. ఆ గుగ్గిళ్లే సాయంత్రం తాలింపు వేసుకుని తినండి.

ఒక రోజుకు లెక్క వేస్తే ఇలా వస్తుంది. పొద్దున 30 గ్రాముల రాగిపిండి అంబలిలో వంద గ్రాముల పెరుగు, 230. మధ్యాహ్నం మునగాకు పప్పు, చివర్లో కప్పు గట్టి పెరుగు, సుమారు 300. సాయంత్రం పిడికెడు ఉలవ గుగ్గిళ్లు, 80. రాత్రి సంకటి ముద్ద, నెత్తళ్ల కూర. శాకాహారులైతే కూరకు బదులు పడుకునే ముందు గ్లాసు పాలు. ఇక్కడ 420 చేరి మొత్తం వెయ్యి దాటుతుంది. 1200 కావాల్సినవాళ్లు ఇంకో కప్పు పెరుగు కలుపుకుంటే సరి.

మన నీళ్లు

ఈ భాగం మిగతా జిల్లాల వాళ్లకు అంత అక్కర్లేకపోవచ్చు, మనకు మాత్రం కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం రాసినప్పుడు ఆ రోగులు నెల్లూరు జిల్లా వాళ్లే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పటికి నెల్లూరులోనే ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆ ఎగువ మండలాల్లోనూ, ఉదయగిరి వైపూ బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఈనాటికీ ఉంది.

ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది గానీ నాణ్యత ఉండదు, పెళుసుగా ఉంటుంది. అంటే టీ-స్కోరు బాగున్నట్టు వచ్చి మనల్ని మోసం చేయొచ్చు. గడ్డం ఛాతీకి ఆనకపోవడం, చేతులు మెడ వెనక్కి పోకపోవడం, మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయలేకపోవడం, చిన్నప్పటి నుంచీ పళ్ల మీద గోధుమ చారలు ఉండడం, వీటిలో ఏది ఉన్నా స్కాన్ చూసే డాక్టరుకు మీ ఊరి పేరు, బోరు సంగతి చెప్పండి. తిండిలో కాల్షియం తక్కువైన కొద్దీ ఫ్లోరైడ్ చేసే చెడు పెరుగుతుంది కాబట్టి పైన చెప్పిన లెక్క ఆ ఊళ్లవాళ్లకు మరీ ముఖ్యం.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మి.గ్రా. లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. అది దాటితే ఆ నీళ్లు వద్దు. కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. చాలా ఇళ్లలో తాగడానికి ఆర్‌ఓ క్యాను తెప్పించుకుని అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతారు. కిలో బియ్యం రెండు లీటర్లకు పైగా నీళ్లు పీల్చుకుంటుంది, ఆ ఫ్లోరైడంతా కంచంలోకే వస్తుంది. వంటకూ మంచి నీళ్లే వాడాలి. టీ ఆకులోనూ, నల్ల ఉప్పులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఈ ఊళ్లలో రోజుకు అయిదారు టీలు తాగేవాళ్లు రెండుకు తగ్గించుకోండి.

ఉప్పు, ప్రోటీన్, ఎండ

ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. రోజు మొత్తానికి ఒక చెంచా, 5 గ్రాములు. ఆవకాయ, ఉప్పు చేప, అప్పడం కూడా ఆ చెంచాలోకే వస్తాయి.

ప్రోటీన్ తక్కువైతే కండ కరిగి కాళ్లు తడబడతాయి, పడితే విరుగుతాయి. పెద్ద వయసువాళ్లకు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున, 60 కిలోలుంటే రోజుకు 60 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుకు 6 నుంచి 7 వస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ అయినా కాల్షియం అయినా డాక్టరు చెప్పిన కొలతే తీసుకోవాలి.

విటమిన్ డి తిండిలో దొరికేది కొంచెమే. మన నీడ మనకంటే పొట్టిగా పడేవేళ చేతులు, కాళ్లు, ముఖం మీద ఎండ పడితేనే అది తయారవుతుంది. ఆరున్నర గంటల లేత ఎండ హాయిగా ఉంటుందే తప్ప ఈ పనికి రాదు. పది గంటల ప్రాంతంలో 15 నుంచి 20 నిమిషాలు కూర్చోండి. గాజు కిటికీ లోపల కూర్చుంటే లాభం లేదు. రోహిణి కార్తెలో పెద్దవాళ్లను మాత్రం కూర్చోబెట్టొద్దు, వడదెబ్బ తగిలితే అసలుకే మోసం.

గోలీ వేసుకునే తీరు

తిండితో 1000 వస్తున్నప్పుడు గోలీతో ఇంకో 1000 అక్కర్లేదు. ఎంత తగ్గితే అంత మేరకే గోలీ. కాల్షియం కార్బొనేట్ 1250 అని రాసి ఉన్నదానిలో అసలు కాల్షియం 500 మి.గ్రా. ఒక్కసారికి 500 దాటితే ఒళ్లు సరిగా తీసుకోదు కనుక రెండు గోలీలు ఉంటే రెండు పూటలకు పంచుకోండి. కార్బొనేట్ రకం గోలీ భోజనంతో, కాల్షియం సిట్రేట్ రకమైతే ఎప్పుడైనా. గ్యాస్ మాత్ర రోజూ వాడేవాళ్లకు సిట్రేట్ మంచిది, డాక్టరును అడగండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ మధ్య నాలుగు గంటలు, ఐరన్ మాత్రకైతే రెండు గంటలు ఎడం ఉండాలి.

కిడ్నీలో రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేసేవాళ్లున్నారు. తిండిలోని కాల్షియం కడుపులోనే ఆక్సాలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది, మానేస్తే రాళ్లు ఎక్కువయ్యే వీలుంది. వాళ్లు జాగ్రత్తపడాల్సింది ఖాళీ కడుపున వేసుకునే గోలీల విషయంలో.

60,000 యూనిట్ల విటమిన్ డి పొడి వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజువారీ గోలీ అనుకుని రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీ దెబ్బ. పొట్లం మీద వారం పేరు పెన్నుతో రాసిపెట్టండి. నూనె, వెన్న ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా పడుతుంది.

బోలు ఎముకల వ్యాధికి వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్ర రాసి ఉంటే దాని పద్ధతి వేరే. పొద్దున లేవగానే పరగడుపున, గ్లాసు నిండా మామూలు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా కూర్చోనో నిలబడో ఉండాలి. లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. ఆ అరగంటా కాఫీ, పాలు, వేరే మాత్రలు ఏవీ వద్దు. ఆ రోజు పొద్దుటి కాల్షియం గోలీని మధ్యాహ్నం భోజనానికి మార్చుకోండి.