పెళ్లి సంగీతం మనమే ప్లాన్ చేసుకుందాం – 4వ పాఠం: పాత ప్యాలెస్‌లో పెళ్లయితే

పోయిన పాఠంలో పెళ్లి తంతు మొత్తం ఒక కాగితం మీద రాసుకోమన్నా కదా, ఎదుర్కోలు, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు, ఇలా ఒక్కోదాని పక్కన ఏ వాద్యం కావాలో పెన్సిల్‌తో రాయమన్నా. ఆ కాగితం తీసి దగ్గర పెట్టుకోండి. పెన్సిలే ఎందుకన్నానో ఇవాళ తెలుస్తుంది, ఎందుకంటే పెళ్లి జరిగేది పాత కట్టడంలో అయితే అందులో సగం చెరిపి మళ్లీ రాయాల్సిందే. మామూలు ఫంక్షన్ హాల్ అయితే ముందు మేళాన్ని మాట్లాడుకుని తర్వాత మిగతావి చూస్కోవచ్చు. ప్యాలెస్‌లో అలా కుదరదు, ముందు ఆ చోట్లో ఏ శబ్దం బావుంటుందో చూసి ఆ తర్వాతే ఎవర్ని పిలవాలో తేల్చుకోవాలి. ఈ పాఠం అంతా దాని గురించే.

మనకి దగ్గర కాబట్టి హైదరాబాదే తీసుకుందాం. ముందు ఒక విషయం క్లియర్ చేస్కోండి, పాతవన్నీ పెళ్లికి ఇచ్చేవి కావు. గోల్కొండ, చార్మినార్ లాంటివి పురావస్తు శాఖ కింద ఉన్న రక్షిత కట్టడాలు, 1959 రూల్స్ ప్రకారం కేంద్రం రాతపూర్వకంగా పర్మిషన్ ఇస్తే తప్ప అక్కడ రిసెప్షన్‌లూ పార్టీలూ పెట్టకూడదు, కాబట్టి వాటి మీద ఆశ వదిలేయండి. చౌమహల్లా, ఫలక్‌నుమా లాంటివి వేరు. చౌమహల్లా 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెడితే ఐదో నిజాం అఫ్జలుద్దౌలా టైంలో, అంటే 1857 నుంచి 1869 మధ్య పూర్తయింది, ఫలక్‌నుమా పని వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టించాడు, 2010 నుంచి అది తాజ్ వాళ్ల హోటల్. రెండూ ప్యాలెస్‌లే గానీ సంగీతం సంగతికొస్తే రెండూ రెండు దారులు, ఒకటి పాతబస్తీ గల్లీల మధ్య ఉంది, ఇంకోటి గుట్ట మీద.

ఇప్పుడు మొదటి ప్రాక్టీస్. గోల్కొండకి స్కూల్ ఎక్స్‌కర్షన్‌కి వెళ్లిన ప్రతివాళ్లూ ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టే ఉంటారు, ఆ చప్పుడు పైన బాలా హిస్సార్ దాకా వినపడుతుందని గైడ్ చెప్తాడు కదా, అదే పని మీ వెన్యూలో కూడా చెయ్యండి. మండపం వేసే చోట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి ఆగి వినండి. చప్పుడు టక్కున ఆగిపోయిందా, లేక హాలంతా తిరిగి మెల్లగా పోయిందా? తర్వాత భోజనాల దగ్గర, మెట్ల దగ్గర, బయట తోటలో, అన్ని చోట్లా అలాగే కొట్టి చూసి కాగితం మీద "పొడి", "మోత" అని రాసుకోండి చాలు, మీటర్లూ యాప్‌లూ ఏమీ అక్కర్లేదు.

ఎందుకు చేయిస్తున్నానంటే, పాలరాతి నేల, సున్నం గోడలు, ఎత్తైన సీలింగ్, ఇవేవీ శబ్దాన్ని పీల్చవు, వెనక్కి కొడతాయి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, కాబట్టి 17 మీటర్ల దూరంలో ఎదురు గోడ ఉంటే వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. డోలు మీద మంచి స్పీడ్ జతులు పడేటప్పుడు ఆ పదో వంతులోనే తర్వాతి దెబ్బ వచ్చేస్తుంది, అంటే తిరిగొచ్చిన మోతా కొత్త దెబ్బా ఒకదాని మీద ఒకటి పడి లెక్క తెలీకుండా పోతుంది, వినేవాళ్లకి గోల లాగా ఉంటుంది, తప్పు వాయించేవాళ్లది కాదు పాపం. అదే హాల్లో వీణో వయొలినో ఫ్లూటో నిదానంగా ఒక ఆలాపన వాయిస్తే ఆ మోతే స్వరానికి నిండుదనం ఇస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఖాళీ హాల్లో విన్న మోత పెళ్లిరోజు అంత ఉండదు, పట్టుచీరలు కట్టుకున్న మూడొందల మంది కూర్చుంటే, కార్పెట్లు, పూలు, గుడ్డ డెకరేషన్ వస్తే చాలా తగ్గుతుంది. కాబట్టి కొంచెం మోత ఉందని కంగారు పడొద్దు, మరీ ఎక్కువ ఉంటేనే ప్లాన్ మార్చండి.

ఇక నాదస్వరం. ఇది నేను గట్టిగానే చెప్తా, ఓపెన్ ప్రాంగణంలో నాదస్వరానికి మైక్ పెట్టొద్దు. గుడి ఉత్సవాల్లో దేవుడి ముందు వీధుల్లో నడుస్తూ వాయించడానికి పుట్టిన వాద్యం అది, దానికి ఊరంతా వినిపించే సత్తా పుట్టుకతోనే ఉంది. చౌమహల్లాలో ఖిల్వత్, అంటే దర్బారు హాల్, దాని ముందున్న ప్రాంగణం ఊహించుకోండి, మధ్యలో నీళ్లు, పైన ఆకాశం, అలాంటి చోట ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, శ్రుతి, తాళం ఉంటే చాలు. దానికి మైక్ పెట్టి స్పీకర్లోంచి తోస్తే ఆ తీపి పోయి గరగరే మిగులుతుంది, పక్కనున్న పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. మైక్ కావాల్సింది పంతులుగారికి, మంత్రం వినపడాలి కదా, అదీ చిన్న స్పీకర్లు నాలుగైదు చోట్ల తక్కువ సౌండ్‌తో పెట్టించండి, రెండు పెద్దవి ముందు నిలబెట్టి అరిపించడం కన్నా అదే నయం.

మేళం ఎంచుకునేటప్పుడు ఫొటోలు, డ్రెస్సులు చూసి తేల్చకండి, ఒక రాగం పది నిమిషాలు వాయించమని అడిగి వినండి. మన ఆంధ్ర వైపు నాదస్వరానికి గొప్ప పరంపర ఉంది, ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి తమిళనాడు అంతా మెప్పు పొందారు, షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ దారిలో నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉన్నారు, వెతికితే దొరుకుతారు, దయచేసి వెతకండి. అలాగే బారీ నాదస్వరమా తిమిరా అని అడగండి, బారీది తగ్గు శ్రుతి, తిమిరిది హెచ్చు శ్రుతి, సాయంత్రం కీబోర్డుతోనో వయొలిన్‌తోనో కలిపి వాయించే ఆలోచన ఉంటే ఈ సంగతి ముందే అవతలి వాళ్లకి చెప్పాలి, లేకపోతే స్టేజీ మీద సర్దుకోవడం కష్టం.

ఇప్పుడు అసలు చిక్కు, ముహూర్తం. మన పెళ్లిళ్లకి రాత్రి పన్నెండున్నరకో తెల్లవారుజామున మూడింటికో ముహూర్తం పడటం మామూలే కదా. కానీ 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు, 2010లో సవరణ వచ్చాక వాద్యాలు కూడా అందులోకి వచ్చాయి, అంటే మైక్ లేదు కదా అని ఆరుబయట డోలు కొట్టినా కుదరదు. మినహాయింపు మూసి ఉన్న చోట్లకే, ఆడిటోరియం, కమ్యూనిటీ హాల్, బాంక్వెట్ హాల్ లాంటివి, అదీ శబ్దం లోపలి వరకే. పండగలకి రాష్ట్రం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ అది ఏడాదికి 15 రోజులకి మించదు, మీ పెళ్లి కోసం ఇవ్వరు. కాబట్టి పంతులుగారి దగ్గరికి వెళ్లినప్పుడే పగటి ముహూర్తం, లేకపోతే సాయంత్రం గోధూళి ముహూర్తం ఉందేమో అడగండి. రాత్రిదే ఖాయమైతే మండపం లోపలి హాల్లో వేయించండి, డోలు ఇద్దరికి బదులు ఒక్కరు చాలు, నాదస్వరం తగ్గించి సన్నగా వాయించమనండి. ప్రాంగణంలో పూర్తి మేళం ఎదుర్కోలుకి పెట్టుకోండి, అది ఎలాగూ రాత్రి 10 లోపే అయిపోతుంది.

ముహూర్తం దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రాగానే పంతులుగారు చెయ్యి పైకెత్తి "భజంత్రీలు, భజంత్రీలు!" అంటారు, అప్పుడే గట్టిమేళం మోగాలి, అర సెకను కూడా ఆలస్యం కాకూడదు. మంగళసూత్రం దగ్గర మళ్లీ అంతే. ఫంక్షన్ హాల్లో మేళం వాళ్లు మండపం పక్కనే ఎదురుగా ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు. ప్యాలెస్‌లో స్తంభాలుంటాయి, ఆర్చీలుంటాయి, డెకరేషన్ వాళ్లు మేళాన్ని ఫొటోల్లో పడకుండా ఏ స్తంభం వెనకో కూర్చోబెడతారు. దాంతో డోలు ఆయనకి పంతులుగారి చెయ్యి కనపడదు, చుట్టూ కెమెరాలు, బంధువులు, ఆ అరుపూ వినపడదు. అందుకని డెకరేషన్ డ్రాయింగ్ మీద ముందు మేళం చోటు గుర్తుపెట్టి, అక్కడ నేల మీద కూర్చుని మండపం వైపు చూడండి, పంతులుగారి పీట కనిపిస్తోందా? కూర్చుని చూడాలి, నిలబడి కాదు, ఎందుకంటే వాళ్లు వాయించేది కూర్చుని. కనపడకపోతే చోటు మార్పించండి, ఫొటోగ్రాఫర్ వద్దన్నా సరే. అస్సలు కుదరకపోతే చురుకైన బాబాయి కొడుకునో మేనల్లుణ్ణో మధ్యలో నిలబెట్టి సైగ చెయ్యమనండి, ఆ పిల్లాడికి ఇంకే పనీ చెప్పొద్దు.

చౌమహల్లా మక్కా మసీదుకి బాగా దగ్గర, సాయంత్రం మగ్రిబ్, ఇషా అజాన్‌లు స్పష్టంగా వినపడతాయి. ఆ తేదీకి టైములు ముందే కనుక్కుని ఆ కాసేపు పాట ఆపేలా షెడ్యూల్ రాయండి, ఆ టైంలో హారతో ఫొటోలో పెట్టుకుంటే సరిపోతుంది. చుట్టుపక్కల వాళ్ల మధ్య పెళ్లి చేస్కుంటున్నప్పుడు ఈ మర్యాద తప్పనిసరి. ఫలక్‌నుమాలో ఇంకోరకం, గేటు దగ్గర కారు దిగితే గుర్రబ్బండి మీద పైకి తీసుకెళ్తారు, కాబట్టి బరాత్‌కి డీజే బండి గుట్ట ఎక్కించాలనే ఆలోచనే పెట్టుకోవద్దు. నడుస్తూ వాయించేవాళ్లే కావాలి, అందుకు హైదరాబాద్ సొంత వాద్యం మర్ఫా ఉండనే ఉంది, యెమెన్ అరబ్బులూ ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ నిజాం కొలువుతో పాటు తెచ్చిన దరువు అది, ఇక్కడి పెళ్లిళ్లలో మతం తేడా లేకుండా మోగుతుంది. ఎంత దూరం, ఎంత ఎత్తు నడవాలో వాళ్లకి ముందే చెప్పండి, మధ్యలో ఒకచోట ఆగి నీళ్లు తాగేలా చూడండి.

సంగీత్‌కి మాత్రం డెక్ మీద సినిమా పాటలే పెట్టేసి వదిలేయొద్దని నా కోరిక. ఆ చోటికి ఖవ్వాలీ అందం, దక్కనీ ఆడవాళ్లు ఢోలక్ పెట్టుకుని పాడే పెళ్లిపాటలు అందం, మన అమ్మమ్మలు పాడే మంగళహారతులు కూడా అందమే, వీటికి స్పీకర్ అవసరమే లేదు. ఖిల్వత్‌లో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతుంటాయి, వాటి కింద పెద్ద బేస్ బాక్సులు పెడతామంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు, ఒప్పుకున్నా మీరు పెట్టకండి. గోడకి మేకు కొట్టకూడదు, టేప్ కూడా అంటించకూడదు, తీసేటప్పుడు సున్నం ఊడొస్తుంది. స్పీకర్లు స్టాండ్ల మీదే ఉండాలి, కరెంటుకి బయట జనరేటర్ పెట్టి కేబుల్ ఎటు నుంచి వస్తుందో ముందే గీసుకోవాలి.

లైసెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. మ్యూజిక్ లైసెన్స్ డబ్బు కట్టమని వెన్యూ వాళ్లో ఇంకెవరో అడగొచ్చు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) ప్రకారం పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాడుకోవడం ఉల్లంఘన కాదు, 2023 జులైలో కేంద్రం ఇదే మళ్లీ స్పష్టం చేసింది. ఆ నోటీసు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. కానీ పోలీస్ సౌండ్ పర్మిషన్ వేరు, అది తీస్కోవాల్సిందే.

ఈ వారం హోంవర్క్: మీ ముహూర్తం ఏ టైంకో అదే టైంలో ఒకసారి వెన్యూకి వెళ్లండి, పగలు చూసొచ్చి రాత్రి పెళ్లి ప్లాన్ చెయ్యొద్దు, పక్కనున్న రోడ్డు, మసీదు, గుడి, కుక్కలు, గాలి, అన్నీ వేరేగా వినపడతాయి. నాలుగు చోట్ల చప్పట్లు కొట్టి "పొడి", "మోత" రాసుకోండి, మేళం చోటు దగ్గర కూర్చుని పీట కనపడుతుందో లేదో టిక్ పెట్టుకోండి, తర్వాత పోయిన పాఠం కాగితం మీద వాద్యాలు మార్చి రాయండి, ఇంకా పెన్సిల్‌తోనే. వచ్చే పాఠంలో మేళం వాళ్లతో మాటలు, అడ్వాన్సు ఎంత ఇవ్వాలి, భోజనం, బట్టలు మార్చుకునే గది, రాత్రి వాళ్లు ఇంటికెలా వెళ్తారు, ఇవన్నీ ఒక్క పేజీ అగ్రిమెంట్‌గా ఎలా రాయాలో చూద్దాం, దానికి ఈ మార్చిన కాగితమే కావాలి.