రైఫిల్‌కి స్టీల్ టార్గెట్ ప్లేట్: ముఖం నున్నగా ఉన్నంతకాలమే భద్రం

స్టీల్ టార్గెట్ మీద కాల్చడంలో సుఖం ఏంటంటే, తగిలిందా లేదా అని స్కోప్‌లో వెతుక్కోవాల్సిన పని లేదు, టంగ్ మని వినిపిస్తుంది అంతే, మాటిమాటికీ లేచి వెళ్ళి పేపర్ మార్చక్కర్లేదు. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఇనుమే కదా, మందంగా ఉంటే చాలు అనుకుని ఎక్కడో దొరికిన మామూలు ఇనప పలక తెచ్చి వేలాడదీసేస్తున్నారు, అది చూస్తే మాత్రం నాకు నిజంగా భయమేస్తుంది. ఎందుకంటే ప్లేట్ ఎన్నాళ్ళు మన్నుతుంది, మనం ఎంత సేఫ్ అనేవి రెండు వేరే ప్రశ్నలు కావు. ప్లేట్ ముఖం నున్నగా, చదునుగా ఉన్నన్నాళ్ళూ మనం సేఫ్, ముఖం పాడైన రోజు నుంచి అది టార్గెట్ కాదు, సీసం తునకల్ని మన మీదకే తిప్పి పంపే వస్తువు. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. సీసం కోర్ (లోపలి భాగం), రాగి జాకెట్ (పైతొడుగు) ఉన్న మామూలు రైఫిల్ బుల్లెట్ గట్టి నున్నటి స్టీల్‌కి తగిలితే వెనక్కి ఎగిరి రాదు, అక్కడికక్కడే నుగ్గునుగ్గయిపోయి ఆ తునకలు ప్లేట్ ముఖాన్ని ఆనుకునే నాలుగు వైపులా చిమ్ముతాయి. పైపు పెట్టి గోడ మీదకి గట్టిగా నీళ్ళు కొడితే గోడ వెంట ఎలా పరుచుకుంటాయో అలాగన్నమాట. ఎక్కువ భాగం ప్లేట్ ముఖానికి 20 డిగ్రీల లోపే పోతుంది, అందుకే ఎదురుగా దూరంగా ఉన్న మనిషి కన్నా పక్కనున్న స్టాండు, గొలుసు, చెక్కలే ఎక్కువ దెబ్బ తింటాయి. కొన్నాళ్ళు వాడిన ప్లేట్ దగ్గరికి వెళ్ళి చూడండి, సరిగ్గా ప్లేట్ అంచుకి ఎదురుగా ఉన్న చోట చెక్క స్తంభం రంపం పెట్టి కోసినట్టు గీత పడి ఉంటుంది, కింద గడ్డి కూడా ఒక వరసలో తెగి ఉంటుంది. తునకలు ఎటు పోతున్నాయో ఆ గీతే చెప్పేస్తుంది.

ఇప్పుడు అదే ప్లేట్‌లో ఒక గుంట ఉందనుకోండి. గుంటలో పడ్డ సీసానికి పక్కకి పోయే దారి ఉండదు, గుంట గోడ వెంట తిరిగి వచ్చిన వైపుకే, అంటే మన వైపుకే వస్తుంది. మామూలు మైల్డ్ స్టీల్‌తో అసలు సమస్య ఇదే, రైఫిల్ బుల్లెట్ దాన్ని పూర్తిగా తూట్లు పొడవకపోయినా చుట్టూ అంచు లేచిన గుంట చేసి వదులుతుంది, తర్వాతి బుల్లెట్ అందులో పడితే రాగి జాకెట్ ముక్క ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. మందం పెంచినా లాభం లేదు, మందం తూటు పడకుండా ఆపుతుందేమో గానీ గుంట పడకుండా ఆపదు, దానికి కావాల్సింది గట్టిదనం.

ఆ గట్టిదనాన్ని కొలిచేది బ్రినెల్ నంబర్‌తో. 10 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళీని 3,000 కిలోల బరువుతో స్టీల్ మీద నొక్కి, పడ్డ గుంట ఎంత వెడల్పుందో చూసి లెక్క కడతారు. మామూలు కట్టడాల స్టీల్ 120 నుంచి 150 దరిదాపుల్లో ఉంటుంది, టార్గెట్లకి వాడే ఏఆర్500 అయితే సుమారు 500. ఏఆర్ అంటే రాపిడికి తట్టుకునేది అని, మైనింగ్ యంత్రాల్లో రాళ్ళు జారే చోట వేసే స్టీల్ రకమే ఇది, టార్గెట్ల కోసం పుట్టింది కాదు. ఏఆర్400 కూడా దొరుకుతుంది, పిస్టల్‌కి, .22 రిమ్‌ఫైర్‌కి (తక్కువ శక్తి ఉండే చిన్న తూటాలకి) పర్లేదు, రైఫిల్‌కి నేనైతే వద్దంటాను. ఏఆర్550 ఇంకా గట్టిది, కాకపోతే గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనం కూడా పెరుగుతుంది, కాబట్టి పెద్ద నంబర్ చూసి ఎగబడాల్సిన పని లేదు, మనలాంటి వాళ్ళకి ఏఆర్500 చాలు.

కొనేటప్పుడు మిల్ సర్టిఫికెట్ (స్టీల్ తయారుచేసిన మిల్లు ఇచ్చే కాగితం) అడగండి, అందులో ఆ బ్యాచ్ స్టీల్ గట్టిదనం రాసి ఉంటుంది, ఇవ్వడానికి నసిగే వాళ్ళ దగ్గర కొనొద్దు. ఎలా కోశారో కూడా అడగండి, ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. ఈ స్టీల్ గట్టిదనం అంతా వేడి చేసి చల్లార్చడం వల్ల వచ్చింది, మళ్ళీ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే అది పోవడం మొదలవుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే అంచు దగ్గర చాలా వెడల్పున మెత్తబడిపోతుంది, ప్లాస్మాతో తక్కువ, లేజర్‌తో ఇంకా తక్కువ, వాటర్‌జెట్‌తో అసలు వేడే ఉండదు. అలాగే ముందు ముఖం మీద వెల్డింగ్ ఉన్న ప్లేట్ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, వెల్డ్ చుట్టూ మెత్తబడ్డ చోటే మొదటి గుంట పడుతుంది, పగులు కూడా అక్కడి నుంచే మొదలయ్యే అవకాశం ఉంది. ఇంట్లో మీరే హుక్ వెల్డ్ చేసుకుందాం అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి, దాని బదులు రంధ్రాలున్న ప్లేట్ తీసుకుని బోల్టుతో బిగించుకోవడం నయం.

మందం విషయానికొస్తే 3/8 అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు, .223, .308 లాంటి మామూలు సెంటర్‌ఫైర్ (రిమ్‌ఫైర్ కన్నా శక్తివంతమైన తూటాలు వాడే) రైఫిళ్ళకి సరిపోతుంది. మాగ్నమ్ క్యాలిబర్లు (మామూలువాటి కన్నా ఎక్కువ శక్తి ఉండే తూటాలు) వాడేవాళ్ళు, లేదా ఒకే ప్లేట్ మీద రోజంతా వాయించేవాళ్ళు అర అంగుళం తీసుకుంటే మంచిది, బరువు మోయడం కష్టమే గానీ వంగదు. పావు అంగుళంది రిమ్‌ఫైర్‌కి ఉంచుకోండి.

ఇక వేగం గురించి. ప్లేట్‌ని చంపేది బుల్లెట్ బరువు కాదు, తగిలేటప్పటి వేగం. స్టీల్ మీద పడే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి చిన్న బుల్లెట్టే అయినా వేగంగా వస్తే స్టీల్‌ని లొంగదీస్తుంది. ఉదాహరణకి .45-70 అనే లావు తూటాలో 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్ సెకనుకు సుమారు 1,330 అడుగులతో బయటికొస్తుంది, దాని శక్తి 55 గ్రెయిన్ల .223 కన్నా ఎక్కువే, అయినా ఏఆర్500 మీద పెయింట్ రాల్చి బూడిదరంగు మరక వదిలి పోతుంది అంతే, అదే .223 ని మరీ దగ్గర్నుంచి కొడితే వేలికి తగిలే గుంట పడుతుంది. మోటుగా గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఏంటంటే ప్లేట్‌కి తగిలేటప్పటికి వేగం సెకనుకు 3,000 అడుగుల కిందే ఉండాలి, 2,800 దగ్గర ఆపేస్తే ఇంకా నిశ్చింత. 168 గ్రెయిన్ల .308 బ్యారెల్ దాటేటప్పుడే సుమారు 2,650, దాంతో గొడవ లేదు. .223 బ్యారెల్ దగ్గర 3,240 దాకా ఉన్నా 100 యార్డులకి 2,750 దరిదాపుల్లోకి వస్తుంది. .22-250 మాత్రం బ్యారెల్ దగ్గర 3,680, 100 యార్డుల దగ్గర కూడా ఇంకా 3,100 పైనే ఉంటుంది, దాన్ని 200 యార్డులు దాటించాల్సిందే. అందుకే సెంటర్‌ఫైర్ రైఫిల్‌కి కనీస దూరం 100 యార్డులు అంటారు, మీ ప్లేట్ తయారుచేసినవాళ్ళు ఇంకా ఎక్కువ చెప్తే వాళ్ళ మాటే వినండి, బాలిస్టిక్ టేబుల్ (ఏ దూరంలో ఎంత వేగమో చెప్పే పట్టిక) చూసి మీ రౌండ్, అంటే మీరు వాడే తూటా, ఆ దూరంలో ఎంత వేగంతో ఉంటుందో ఒకసారి సరిచూసుకోండి. పిస్టల్‌కైతే కనీసం 10 యార్డులు అంటారు, నేను ఇంకా కొంచెం ఎక్కువే పెట్టుకోమంటాను.

రౌండ్ రకం కూడా అంతే ముఖ్యం. కొన ఆకుపచ్చగా ఉండే ఎం855 అనే మిలిటరీ రౌండ్‌లో సీసం ముందు ఒక స్టీల్ ముక్క ఉంటుంది, అది ప్లేట్‌ని గుంటలు పడేలా కొడుతుంది, కవచం చీల్చడానికే చేసిన ఆర్మర్ పియర్సింగ్ రౌండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మిలిటరీ సర్‌ప్లస్ (సైన్యం దగ్గర మిగిలిపోయి అమ్మే తూటాలు) కొన్నప్పుడు ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళి బుల్లెట్ కొనకి ఆనించి చూడండి, కాట్రిడ్జ్ కేస్‌కి కాదు, కేస్ స్టీల్‌దైనా ప్లేట్‌కి వచ్చే నష్టమేమీ లేదు. కొనకి అంటుకుంటే జాకెట్లో అయినా కోర్‌లో అయినా స్టీల్ ఉన్నట్టు, ఏది ఉందో అయస్కాంతం చెప్పలేదు కాబట్టి మొత్తం బాక్స్ పక్కన పెట్టేయడమే. స్టీల్ గోళీల బీబీ గన్ పిల్లలకి ఇచ్చి ఈ ప్లేట్ మీద కాల్చమనడం అన్నిటికన్నా ప్రమాదం, ఆ గోళీ నుగ్గవ్వదు, వచ్చిన దారినే తిరిగొస్తుంది. షాట్‌గన్‌లో స్టీల్ షాట్ (చిన్న స్టీల్ గుళ్ళు) కూడా అంతే.

వేలాడదీయడం దగ్గర చాలామంది తొందరపడతారు. ప్లేట్ పైభాగం మన వైపుకి కొద్దిగా వంగి ఉండాలి, ముఖం నేల వైపు చూడాలి, 20 డిగ్రీల దాకా ఉంటే తునకల్లో ఎక్కువ భాగం నేలలోకే పోతుంది. రెండు గొలుసులు కట్టేసి ఊరుకుంటే ప్లేట్ నిలువుగా ఉండిపోతుంది. బోల్టు వెనక నట్టుకీ ప్లేట్‌కీ మధ్య ఒక గట్టి స్ప్రింగ్ పెడితే ఆ వంపు దానంతటదే వస్తుంది, దెబ్బ తగిలినప్పుడు కాస్త వెనక్కి ఊగి మళ్ళీ అదే కోణానికి వస్తుంది, గట్టిగా బిగించేసిన ప్లేట్ కన్నా ఇలా ఊగేది ఎక్కువకాలం మన్నుతుంది కూడా. బోల్టు తల గుండ్రంగా, నున్నగా ఉండేదే వాడండి, ఆరు మూలల తల ముందుకి పెడితే దాని మూలలకి తగిలిన బుల్లెట్ ఎటైనా మళ్ళుతుంది. గొలుసు వాడితే అది ప్లేట్ వెనక నుంచి పైకి వెళ్ళేలా చూసుకోండి, గొలుసు బదులు మందపాటి కన్వేయర్ బెల్ట్ రబ్బరు ముక్క కూడా బాగా పనిచేస్తుంది, తునకలు తగిలితే కొంచెం కొంచెంగా చిరుగుతుంది గానీ తునకని వెనక్కి కొట్టదు. స్టాండుకి ముందువైపు ఇనప గొట్టాలు కనిపిస్తుంటే వాటి ముందు ఒక చెక్క పెట్టండి, చెక్క పాడైతే మారుస్తాం, గొట్టం మీంచి మళ్ళిన బుల్లెట్‌ని ఏం చేయలేం.

ప్లేట్ వెనక మట్టి దిబ్బ తప్పనిసరి, గురి తప్పిన బుల్లెట్‌కి ఆ దిబ్బే ఆఖరి అడ్డు, రాళ్ళు లేని మట్టి అయితే మేలు. ఎదురుగా నిలబడి కాల్చండి, వాలుగా కాల్చితే తునకల దారి మొత్తం మారిపోతుంది, పక్క లేన్‌లో ఉన్నవాళ్ళకి మీ వల్ల ముప్పు. రెండు ప్లేట్లు పక్కపక్కనే పెడితే ఒకదాని తునకలు రెండోదాని అంచుకి కొట్టుకుంటాయి, ఎడం ఉంచండి. కళ్ళకి ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 (కళ్ళ రక్షణకి అమెరికా ప్రమాణం) రేటింగ్ ఉన్న అద్దాలు, కుదిరితే పక్కల నుంచి కూడా మూసి ఉండేవి, కాల్చేవాడికే కాదు, వెనక కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పేవాళ్ళకి కూడా. తునక ముందు ఎవరు కాల్చారు అని చూసి రాదు కదా, చూడ్డానికి వచ్చినవాళ్ళు అద్దాలు లేకుండా ఉంటే కాల్చడం ఆపేయండి, మొహమాటపడకండి. చెవులకి ప్రొటెక్షన్ ఎలాగూ ఉండాల్సిందే.

నిప్పు గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు 2013 లో ఒక అధ్యయనం బయటపెట్టారు, స్టీల్ ప్లేట్ మీద రకరకాల రైఫిల్ బుల్లెట్లు కాల్చి ఆ తునకల్ని బాగా ఎండిన పీట్ (కుళ్ళిన నాచు, మొక్కల పొడి) మీద పడేలా చేశారు, స్టీల్ భాగాలున్న బుల్లెట్లు, పూర్తి రాగి బుల్లెట్లు దాన్ని తేలిగ్గా అంటించాయి. కాబట్టి ఎండాకాలంలో ప్లేట్ చుట్టూ గడ్డి చెక్కేసి మట్టి కనిపించేలా ఉంచండి, నీళ్ళ డబ్బా, పార దగ్గర పెట్టుకోండి, కాల్చడం అయిపోయాక కూడా కాసేపు అక్కడే ఉండి పొగ రాలేదని చూసుకుని కదలండి.

ప్రతిసారీ మొదలుపెట్టే ముందు ప్లేట్ చూడటం అలవాటు చేసుకోండి, రేంజ్ కోల్డ్ (ఇక కాల్చడం ఆపేశాం) అని చెప్పి అందరూ రైఫిళ్ళు కింద పెట్టాకే ముందుకి వెళ్ళండి. గ్లవ్స్ వేసుకుని, ఎందుకంటే చిమ్మిన జాకెట్ ముక్కలు అంచుల్లో బ్లేడులా ఉంటాయి. పాత పెయింట్ తుడిచి ముఖాన్ని పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి, ఎదురుగా చూస్తే గుంటలు కనపడవు, వాలు వెలుతురులో నీడ పడి తెలిసిపోతాయి. బూడిదరంగు మరక, మెరిసే మచ్చ ఉంటే అది సీసం పూత, గీస్తే పోతుంది, భయం లేదు. గోరు ఆనిస్తే దిగబడే గుంట గానీ, చుట్టూ లేచిన అంచు గానీ ఉంటే ఇక రైఫిల్‌కి పనికిరాదు. ఒక స్కేలు అంచుని ముఖానికి ఆనించి చూడండి, స్కేలు కింద వెలుతురు కనిపిస్తే ప్లేట్ వంగింది, గిన్నెలా లోపలికి పోయిన ముఖం షూటర్ వైపు ఎప్పుడూ ఉండకూడదు. రంధ్రాల దగ్గర, అంచుల్లో సన్నటి పగుళ్ళు ఉంటే కూడా తీసేయాల్సిందే. గుంటని వెల్డింగ్‌తో పూడ్చి గ్రైండ్ చేసి మళ్ళీ వాడటం లాంటి పనులు చేయకండి, పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల మెత్తగా ఉంటుంది, అది గుంట కన్నా ఘోరం. బాగున్న ప్లేట్‌కి తెల్ల స్ప్రే పెయింట్ పలచగా కొడితే చాలు, తర్వాత పడే ప్రతి దెబ్బా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్లేట్ కింద మట్టిలో పేరుకునేది సీసం పొడి, చేతులు చన్నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కునే దాకా ఏమీ తినకండి, సిగరెట్ ముట్టుకోకండి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

తీసేసిన ప్లేట్‌ని షెడ్డులో గోడకి ఆనించి పెట్టి ఉంచితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తీసుకెళ్ళి మళ్ళీ వేలాడదీస్తారు, బానే ఉందిగా అని. గ్యాస్ కట్టర్‌తో అడ్డంగా రెండు ముక్కలు చేసి, ముఖం మీద పెయింట్‌తో గుణకారం గుర్తు కొట్టి నేరుగా స్క్రాప్‌కి పంపేయండి.